సమ్మతి పత్రం నకలు చేతికి అందాలి

సంపాదకులకు,

మహమ్మారి వేళ టీకా త్వరగా రావాలని అందరం కోరుకున్నాం. అయితే మనుషులపై తొలి పరీక్ష ఇంకా మొదలుకాని కొవాగ్జిన్‌ను 2020 ఆగస్టు 15 నాటికి ప్రజలకు అందించాలంటూ, భారత వైద్య పరిశోధన మండలి జూలై 2న నిమ్స్, విశాఖ కేజీహెచ్ సహా 12 ఆస్పత్రులకు లేఖ రాయడం, మనుషులపై పరీక్షలకు అనుమతినిచ్చే నైతిక సంఘాల పరిశీలనను ముందే నామమాత్రం చేయడమే అవుతుంది.

ఆ తొందర భారం పేదలపై పడుతుంది. అదే టీకా మూడో దశలో, భోపాల్ గ్యాస్ బాధితుల కాలనీలవారు తమకు 750 రూపాయలిచ్చారే తప్ప, ఇది ప్రయోగమని సరిగా చెప్పలేదని, సమ్మతి పత్రం ప్రతి ఇవ్వలేదని ఆరోపించారు, పరీక్ష జరిపిన ఆస్పత్రి ఖండించింది. ఎవరి మాట నిజమో తేల్చగలిగేది ఆ కాగితమే. కొత్త మందులు, క్లినికల్ పరీక్షల 2019 నిబంధనల ప్రకారం దాని ప్రతిని పాల్గొన్నవారికి ఇచ్చి తీరాలి. చదవలేని వారి విషయంలో నిష్పాక్షిక సాక్షి ఉండాలి.

మా ఖమ్మం జిల్లాకు ఈ బాధ కొత్త కాదు. 2009లో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అంత జరిగాక కూడా భోపాల్‌లో అవే ప్రశ్నలు తలెత్తడం నన్ను కలచివేస్తోంది.

టీకా పరీక్షలన్నింటిలో సమ్మతి ప్రక్రియను వీడియో తీయాలని, నైతిక సంఘాల నిర్ణయాలను తెలుగులోనూ ప్రకటించాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కేంద్రాన్ని కోరాలి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం