శ్రీనూ, బండిలో కూర్చుంటే రోడ్డు కనబడాలి కదరా

విజయవాడ,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం, ఫొటో అందాయి. డాలస్‌లో మీ ఇంటి ముందు కొత్త పికప్ ట్రక్కు, దాని ముందు మన చిన్నిది నవ్వుతూ నిలబడింది. బండి రంగు ఎలా ఉందో చెప్పమన్నావు, ఇక్కడ మీ నాన్నగారికి ఏ కారు కొనాలో కూడా చూడమన్నావు. ఆ సంగతి చివర్లో రాస్తాను. నాకు రంగు మీదికి చూపు పోలేదురా. నాలుగేళ్ళ పిల్ల తల బానెట్ అంచుకి కూడా అందలేదు, నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. నువ్వు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆ పిల్ల నీకు కనబడదు. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. కొత్త బండి కొన్న సంతోషంలో ఉన్నవాడికి ఇలా రాయాల్సి వచ్చింది, ఏమీ అనుకోకు.

ఇది నా భయం ఒక్కటే కాదు. మీ అమెరికాలోనే హైవే భద్రత మీద పనిచేసే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2023లో ఒక అధ్యయనం బయటపెట్టింది. నడిచేవాళ్ళని వాహనాలు గుద్దిన ప్రమాదాలు దాదాపు 18,000 తీసి చూశారు. బానెట్ ముందు అంచు ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి ముందుకి వాలినట్టుండే బండి గుద్దినదానికంటే మనిషి పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేల్చారు. తక్కువ ఎత్తు బానెట్ కాళ్ళకి తగులుతుంది, మనిషి దాని మీదికి దొర్లుతాడు. గోడలాంటిది ఛాతీకీ తలకీ తగులుతుంది. మరి ఆ ముక్కు అంత ఎత్తుగా, చదునుగా ఎందుకుండాలి? ఇంజిన్‌కి అంత చోటు అక్కర్లేదు. ఎదుటివాడు చూసి జంకాలని, అంతే. మనిషిని భయపెట్టే ముఖం గీసి దాన్ని అందం అని అమ్మడం నాకు తప్పుగానే తోస్తుంది.

మీ బాబాయిగారి తెల్ల మారుతి 800 గుర్తుందా? వెనక సీట్లో మనం నలుగురం ఇరుక్కుని గుణదల కొండకి వెళ్ళేవాళ్ళం. అందులో కూర్చుంటే చుట్టూ అద్దమే. కిటికీ అంచు మన మోచేతి దగ్గరికి వచ్చేది, అద్దాల మధ్య పైకప్పుని మోసే స్తంభాలు సన్నగా ఉండేవి, వెనక్కి తిరిగితే రోడ్డంతా కనబడేది. ఇప్పటి పిల్లలు వెనక సీట్లో కూర్చుంటే కనబడేది తలుపు రేకూ, ముందు సీటు వీపూ. బయట ఏముందో తెలియక వాంతులు చేసుకుంటున్నారు. వాళ్ళకోసం పైన సన్‌రూఫ్ పెట్టామంటారు. మే నెలలో బెజవాడ ఎండకి నడినెత్తి మీద అద్దమెందుకురా? ఆ అద్దమేదో పక్కన పెట్టొచ్చుగా!

పాతదంతా బంగారం అని నేను అనట్లేదు. ఆ మారుతికి ఎయిర్‌బ్యాగ్ లేదు, గుద్దుకుంటే రేకు నలిగి లోపలికి వచ్చేది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అని, కార్ల భద్రతని పరీక్షించే సంస్థవాళ్ళు మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లని గుద్ది చూస్తే, పెద్దవాళ్ళ రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. ముందద్దం పక్క స్తంభాలు లావైంది బండి బోల్తాపడితే పైకప్పు నిలవడానికని నాకు తెలుసు. దానికి ఒప్పుకుంటాను. కానీ కిటికీలు చిన్నవైంది అందుకొక్కటే కాదు. వెనకద్దం చీలికలా మిగలడం బొమ్మ గీసినవాడి ముచ్చట. ఇంకో సంగతి కూడా ఉంది. 2006 బడ్జెట్ నుంచి మన దగ్గర 4 మీటర్ల లోపు చిన్న కార్లకి పన్ను తక్కువ. పొడుగు పెంచే వీల్లేదు కాబట్టి, బండి పెద్దదిగా కనబడాలని ఎత్తు పెంచుతున్నారని నా అనుమానం.

స్క్రీన్ల సంగతి చెబితే నాకు ఇంకా కోపం వస్తుంది. పోయిన వానాకాలం ఒక బంధువు కొత్త కారు నేను నడుపుతున్నాను. ఏలూరు దాటాక కుండపోత. ముందద్దం లోపల ఆవిరి పట్టేసింది. పాత బండిలో చెయ్యి దానంతట అదే మీట దగ్గరికి పోయేది. ఇందులో స్క్రీన్ మీద ఒక బొమ్మ నొక్కాలి, అది తెరిచాక ఇంకోటి నొక్కాలి, బండి కుదుపుకి వేలు పక్కకి జారుతుంది. నేను స్క్రీన్ వైపు చూస్తున్నంతసేపూ నా ముందు వెళ్ళే లారీ బ్రేకు లైటు చూడలేదు. పక్కనున్న మా ఆవిడ అరవబట్టి ఆగాను. ఆ వణుకు ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు.

స్వీడన్‌లో వి బిలెగరే అనే పత్రిక 2022లో దీన్ని కొలిచింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో పోతూ ఏసీ, రేడియోలాంటి నాలుగు మామూలు పనులు చెయ్యమంటే, బటన్లున్న 2005 నాటి వోల్వోలో 10 సెకన్లలో అయిపోయాయి. అన్నిటికన్నా వెనకబడ్డ స్క్రీన్ కారులో దాదాపు 45 సెకన్లు, అంటే 1.3 కిలోమీటర్లకి పైనే పట్టింది. యూరప్‌లో కార్ల భద్రతకి స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్లకి చేత్తో తడిమితే తెలిసే మీటలుంటేనే పూర్తి మార్కులిస్తానంటోంది. చెయ్యికి తెలిసే పనిని కంటికి అప్పజెప్పకూడదని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

హెడ్‌లైట్ల గురించి రెండు ముక్కలే. మన చిన్నప్పుడు లైటు అద్దం మీద నల్లరంగు పూసేవాళ్ళు, ఎదుటివాడి కళ్ళు చెదరకుండా. ఇప్పుడు తెల్లటి ఎల్‌ఈడీలు సూదుల్లా గుచ్చుతున్నాయి. రాత్రి హైవే మీద బండి తియ్యడమే మానేశాను.

లారీలంటావా, నేను పుట్టిందే వాటి మధ్య. మా నాన్న ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు చెక్కతో లారీ క్యాబిన్లు కట్టాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని డ్రైవర్లు క్యాబిన్ లేని ఒట్టి ఛాసిస్ తోలుకొచ్చేవాళ్ళు. నాన్న టేపు తియ్యకముందే డ్రైవర్ని కూర్చోబెట్టి, నన్ను బండి ముందు నిలబెట్టి, "పిల్లోడు కనబడుతున్నాడా?" అని అడిగేవాడు. కనబడకపోతే సీటు చెక్క పైకి లేపేవాడు, లేదా అద్దం చట్రం కిందికి దించేవాడు. ఏ కంపెనీ కాగితంలోనూ లేని కొలత అది.

అదే కొలత ఇప్పుడు లండన్‌లో చట్టమైంది, తెలుసా? డైరెక్ట్ విజన్ స్టాండర్డ్ అంటారు. 12 టన్నులు దాటిన లారీలకి, డ్రైవర్ కూర్చున్నచోటు నుంచి కెమెరాలూ అద్దాలూ లేకుండా నేరుగా ఎంత కనబడుతుందో చూసి సున్నా నుంచి ఐదు స్టార్లు ఇస్తారు. 2024 అక్టోబర్ నుంచి మూడు స్టార్లు లేని లారీ, అదనపు భద్రతా పరికరాలు బిగించుకుంటే తప్ప అక్కడ తిరగడానికి లేదు. చదువుతుంటే నాన్న గొంతు వినిపించిందిరా. మన దగ్గర 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. యాభై డిగ్రీల వేడిలో ఉడికే మనిషిని జాగ్రత్తగా తోలమంటే ఎలా తోలతాడు? ఈ చూపు కొలత కూడా మన దగ్గరికి రావాలి.

ఇక మీ నాన్నగారి కారు. ముక్కు ఎత్తున్నవీ, అన్నీ స్క్రీన్‌లోనే ఉన్నవీ నేను జాబితాలోంచి తీసేశాను. సీటు ఎత్తుగా, తలుపు వెడల్పుగా, ఏసీకి తిప్పే గుండ్రటి మీటలు ఉన్నవి రెండు మిగిలాయి. శనివారం గుంటూరు వెళ్ళి ఆయన్ని షోరూమ్‌కి తీసుకెళ్తాను. మోకాలు పట్టుకోకుండా ఏ బండి ఎక్కి దిగారో రాస్తాను.

నువ్వు మాత్రం ఇవాళే చిన్నిదాన్ని వాళ్ళమ్మ చెయ్యి పట్టించి ఆ ట్రక్కు ముందు నిలబెట్టు. నువ్వు సీట్లో కూర్చుని చూడు. ఎన్ని అడుగులు వెనక్కి నడిస్తే దాని తల కనబడిందో నాకు రాయి.

నీ
రాఘవ