రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు ఇది చూడండి

ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేవాళ్లు ముందు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడండి, పేరు ఒకటే అయినా లోపలి చిప్ వేరే ఉండొచ్చు, ఒకదాని ఫైల్ ఇంకోదానికి ఎక్కిస్తే అది మళ్లీ లేవకపోవచ్చు. సెట్టింగ్స్ బ్యాకప్ తీసుకోండి. వైఫైలో వద్దు, ల్యాన్ కేబుల్‌తోనే చేయండి. మధ్యలో పవర్ ఆపొద్దు. నేను ఒకసారి ఎంతకీ అవ్వట్లేదని టెన్షన్‌తో ఆపేశాను, ఇక లైటు వెలిగి ఆరుతూ అలాగే ఉండిపోయింది. అలా అయినా పారేయకండి: చాలా మోడళ్లలో రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే రికవరీ మోడ్ వస్తుంది, అప్పుడు కంప్యూటర్‌కి స్టాటిక్ ఐపీ, అంటే మనమే పెట్టే మారని నెట్‌వర్క్ అడ్రస్ (రౌటర్‌ది 192.168.1.1 అయితే 192.168.1.10 లాంటిది) ఇచ్చి ఫైల్ మళ్లీ ఎక్కించొచ్చు. ఎవరిదైనా ఆగిపోతే మోడల్, వెర్షన్, ఏ లైటు ఎలా వెలుగుతోందో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.