యుద్ధ వార్తల్లో మన వేరుశనగ ఎక్కడ?

విదేశీ వార్తలను మన టీవీ ఛానళ్లు సినిమాల్లా చూపిస్తున్నాయే తప్ప, అవి మన పొలాల దాకా ఎలా వస్తాయో చెప్పడం లేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైనప్పుడు మా ఊరి టీ కొట్టు టీవీలో రోజంతా ట్యాంకులు, క్షిపణుల బొమ్మలే. అప్పట్లో మనకు పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా వచ్చేది ఉక్రెయిన్ నుంచేనని మావాళ్లకు కిరాణా కొట్టులో ప్యాకెట్ ధర అడిగాకే తెలిసింది. అదే ఏడాది ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి, నెల తిరక్కుండానే మళ్లీ వదిలింది. అంతకన్నా మాకు తగిలేది సుంకాల వ్యవహారం. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై 20 శాతం ప్రాథమిక దిగుమతి సుంకం వేసింది; 2025 మే 30న దాన్ని 10 శాతానికి దించింది. అనంతపురం రైతు వేరుశనగ విత్తన కాయలు కొని మబ్బుల వైపు చూసే రోజులవి. సుంకం తగ్గి బయటి నూనె చవకైతే మా కాయ ధర మీదా దెబ్బ పడుతుంది. పట్నంలో నూనె చవకగా దొరకాలి, కాదనను. కానీ విత్తేటప్పుడు ఒక లెక్క, కాయ పీకేటప్పుడు ఇంకో లెక్క అయితే ఏ ధర నమ్మి గొర్రు కట్టాలి? నేను చూసిన ఛానళ్లలో దీనిపై ఒక్క చర్చా లేదు, పాకిస్తాన్ మీద మాత్రం రాత్రి పదకొండు దాకా అరుపులే. ఖరీఫ్ విత్తనం మొదలు నూర్పిళ్లు అయ్యేదాకా వంటనూనెల సుంకం మార్చబోమని కేంద్రం ముందే ప్రకటించాలి. మీ పత్రిక జిల్లా పేజీలో ఆదోని మార్కెట్ యార్డు వేరుశనగ ధర పక్కనే పామాయిల్ దిగుమతి ధర, అమల్లో ఉన్న సుంకం వారానికొకసారి వేయాలి.

— ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా