పెరట్లో కట్టుకోనిస్తే పాత ఇల్లు నిలబడుతుంది

సంపాదకులకు నమస్కారం.

పాత ఇళ్లు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయని అందరం బాధపడుతుంటాం గానీ, ఆ ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లకి రిపేర్ల ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుందో ఎవరం అడగం. ఈ ఉత్తరం ఆ ఖర్చు గురించే.

నేను కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో, నాగ్లీ పార్క్ అనే పేటలో ఉంటాను. జనరల్ నాగ్లీ అనే ఆయన ఎస్టేట్‌ని 1902లో ప్లాట్లు వేసి అమ్మితే ఏర్పడిన పేట ఇది, యూనివర్సిటీకి దగ్గర్లోనే ఉంటుంది. మేం కొన్నది వందేళ్లు దాటిన చెక్క ఇల్లు. పెరట్లో కూలడానికి సిద్ధంగా ఉన్న గ్యారేజీ తీసేసి, అక్కడ అద్దెకివ్వడానికి 740 చదరపు అడుగుల చిన్న ఇల్లు కట్టాం. ఇక్కడ దీన్ని ఏడీయూ అంటారు, మనవైపు వెనక వాటా అంటామే, అలాంటిదే.

మొదట చాలా భయపడ్డాం. చారిత్రక పేట కదా, మేకు కొట్టాలన్నా పది సంతకాలు కావాలంటారేమో అనుకున్నాం. కానీ 2020 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర చట్టం స్పష్టంగా ఉంది. దరఖాస్తు పూర్తిగా అందాక 60 రోజుల్లో నగరం ఏదో ఒకటి తేల్చాలి, పక్కింటివాళ్లని పిలిచి విచారణ పెట్టడం లేదు. 800 చదరపు అడుగుల లోపు, 16 అడుగుల ఎత్తు లోపు ఉండి, పక్కలా వెనకా 4 అడుగులు వదిలితే, ప్లాట్‌లో ఇంత శాతమే కట్టాలన్న నిబంధన చూపించి ఆపడానికి వీల్లేదు. 750 కన్నా తక్కువైతే ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త ఇంటివల్ల రోడ్లూ పార్కుల్లాంటి వాటిమీద పడే భారానికి వసూలు చేసే రుసుము కూడా ఉండదు, మేం 740 దగ్గర ఆగింది అందుకే. చారిత్రక ప్రాంతంగా గుర్తించిన చోటైతే అదనపు పార్కింగ్ చూపించమని అడగకూడదు. పాత కట్టడాలని కాపాడే నిబంధనలు నగరం పెట్టుకోవచ్చు, కానీ అవి కొలిచి చూసుకోగలిగేవి అయ్యుండాలి. చూడ్డానికి బాగాలేదు అని ఒక అధికారి అన్నంత మాత్రాన ప్లాన్ ఆగదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కష్టాలు లేవని కాదు. తవ్వాక తెలిసింది, మురుగు పైపు ఆ కాలం నాటి మట్టి గొట్టం, దాన్నిండా చెట్టు వేళ్లు. కరెంటు ప్యానెల్ 100 ఆంప్స్‌ది, 200కి మార్చాల్సి వచ్చింది. ఒక కాంట్రాక్టర్ పునాది పోసి మూడు నెలలు కనబడకుండా పోయాడు, ఆ టెన్షన్‌కి మా ఆయనకి నిద్ర పట్టేది కాదు. పాత ఇంటి వెనక కట్టేవాళ్లు ఎవరైనా సరే, ప్లాన్ గీయించే ముందే పైపులో కెమెరా వేయించి చూసుకోండి.

ఇప్పుడు అందులో ఒక నర్సు, వాళ్లమ్మ ఉంటున్నారు. వీధిలోంచి చూస్తే ఆ ఇల్లు కనబడనే కనబడదు. వాళ్లిచ్చే అద్దెతో పెద్దింటి పైకప్పు బాగుచేయించాం, పాత చెక్క కిటికీలు తీసేయకుండా మరమ్మతు చేయించాం. ఆ అద్దె లేకపోతే అవి అలాగే పుచ్చిపోయేవి.

ఇదంతా తెలుగు పత్రికకి రాయడానికి కారణం మా నాన్నగారి ఇల్లు. కోస్తాలో మండువా లోగిలి. నా చిన్నప్పుడు నూతి పక్కన వెనక వాటాలో ఒక మాస్టారి కుటుంబం ఉండేది, వాళ్లిచ్చే అద్దెతోనే ఏటా వానాకాలం ముందు పెంకులు సర్దించేవారు. ఆ వాటా కూలిపోయింది. మళ్లీ కట్టుకుంటే అనుమతి వస్తుందా అని అడిగితే, ఒకరు రోడ్డు వెడల్పు చాలదన్నారు, ఇంకొకరు మొత్తం ఇంటికి కొత్త ప్లాన్ పెట్టమన్నారు, కాగితం మీద రాసిచ్చినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. బిల్డర్ అయితే వచ్చి సగం ఫ్లాట్లు మీవి అని ఒక్క మాటలో తేల్చేశాడు. 82 ఏళ్ల మనిషికి ఏది సులువు?

హైదరాబాద్‌లో హెరిటేజ్ కట్టడాలకి రక్షణగా ఉన్న రెగ్యులేషన్ 13ని 2015లో తీసేశారు, 2017లో వేరే హెరిటేజ్ చట్టం తెచ్చారు. ఇలాంటి చట్టాల్లో పేరెక్కేవి పెద్ద కట్టడాలే, మామూలు పాత ఇంటిని ఆదుకునేది అద్దె. రెండు తెలుగు రాష్ట్రాలూ పాత పేటల్లో పెరటి ఇంటికి ఇలాంటి కొలతలే పెట్టి, గడువులోపు అనుమతి ఇవ్వాలి. కాలిఫోర్నియాలో లేని ఒక షరతు కూడా కలపమంటాను: ముందున్న పాత ఇల్లు పడగొట్టనని యజమాని రాసివ్వాలి. మా నాన్నగారైతే సంతోషంగా రాసిస్తారు.

బిల్డర్ సంక్రాంతి దాకా గడువిచ్చాడు. నాన్నగారు ఇంకా సంతకం పెట్టలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, శాన్ హోజే