కమ్యూనిటీ కాలేజీ అంటే కులం కాలేజీ కాదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఎన్నారై పేజీలో వచ్చిన వార్త గురించి రాద్దామా వద్దా అని ఊగిసలాడి, ఈ రాత్రి క్లాసు నుంచి వచ్చాక రాస్తున్నాను. 2011 నాటి ట్రైవ్యాలీ, 2019 నాటి ఫార్మింగ్టన్ దొంగ యూనివర్సిటీల గొడవలు చెబుతూ, అదే వరసలో అమెరికాలో రెండేళ్ల డిగ్రీలిచ్చే కమ్యూనిటీ కాలేజీలనీ నాసిరకం సరుకు కింద కట్టేశారు. ట్రైవ్యాలీ వీసాల దుకాణం. ఫార్మింగ్టన్ అయితే ఇమ్మిగ్రేషన్ వాళ్లే వల వేయడానికి తగిలించిన బోర్డు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో మొదలై, ఇవాళ ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్న సర్కారు కాలేజీలకీ వాటికీ ముడిపెట్టడానికి మీ విలేకరికి చెయ్యెలా వచ్చిందో!

నేను తెనాలిలో ఇంటర్ సీఈసీతో చదువు ఆపి, పెళ్లయి ఇక్కడికొచ్చినదాన్ని. 43 ఏళ్ల వయసులో బిజినెస్‌లో అసోసియేట్ డిగ్రీ, అంటే ఆ రెండేళ్ల డిగ్రీ, చదువుతున్నాను. కోర్సులన్నీ కలిపి లెక్కకి 60 యూనిట్లు. ఈ రాష్ట్రం వాళ్లకి ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచీ అంతే. అంటే 2,760 డాలర్లు. కన్సల్టెన్సీ మాట నమ్మి అప్పుచేసి వచ్చిన పిల్లల ఏడాది వడ్డీయే ఇంతకంటే ఎక్కువ.

సాయంత్రం ఆరున్నరకి అకౌంటింగ్. పక్క సీటు కుర్రాడు గోదాం డ్యూటీ దిగి, ఆ మెరిసే పసుపు జాకెట్‌తోనే వచ్చేవాడు. డెబిట్, క్రెడిట్ దగ్గర అతను తల పట్టుకుంటే, వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్ అన్న మా తెనాలి లెక్చరర్ పాఠం ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఇద్దరం పాసయ్యాం.

గుడిలో ఈ మాట చెబితే మనవాళ్లు "ఓహో, కమ్యూనిటీ కాలేజా" అని చూపు పులిహోర వైపు తిప్పుకుంటారు. మా అత్తగారే నయం. "ఏ కమ్యూనిటీ వాళ్లదే అమ్మాయ్? మనోళ్లదేనా?" అని ఫోన్లో అడిగారు. ఆవిడకి డెబ్బై ఆరేళ్లు, తెలీదు. మీ విలేకరికేమొచ్చింది?

రాయదలిస్తే అసలు లోపాలు బోలెడున్నాయి. యూనివర్సిటీకి మారడానికి ఏ లెక్కల కోర్సు కావాలని అడిగితే, మూడు వారాలకి దొరికిన కౌన్సెలర్ స్టాటిస్టిక్స్ చాలన్నాడు. తీరా సెమిస్టర్ అయ్యాక బిజినెస్ కాల్కులస్ కూడా ఉండాలట! వెబ్‌సైట్ చూసుకోవాల్సింది అన్నాడు. పాతికేళ్ల కిందట టీసీ కోసం తిరిగితే గుమస్తా కూడా నోటీసు బోర్డు చూసుకోవాల్సింది అన్నాడు. ఏ దేశమైనా ఆ కుర్చీ మహిమే అంత కాబోలు. కాలేజీ మారేవాళ్లు అప్పటికి చదివిన యూనిట్లలో సుమారు 43 శాతం పోగొట్టుకుంటున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2017లో అంచనా కట్టింది. యూనివర్సిటీకి మారడానికని కమ్యూనిటీ కాలేజీలిచ్చే ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉంటే స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయమని కాలిఫోర్నియా 2010లో చట్టమే చేసింది. ఏ ఊరి క్యాంపస్‌లో అని మాత్రం అడక్కూడదు.

ఇవేవీ మీకు పట్టవు. ఎందుకు పడతాయి? ఆ వార్త కిందే సగం పేజీ కన్సల్టెన్సీ ప్రకటన. 46 డాలర్ల కాలేజీ మీకు ప్రకటన ఇవ్వదు కదా. ఒకప్పుడు మీ పత్రికలో ఒక్క అంకె తప్పు పడినా మర్నాడు సవరణ వేసేవారు. ఈ వార్తలో ట్రైవ్యాలీ ఉన్న ప్లెజంటన్‌ ఊరిని తీసుకెళ్లి టెక్సాస్‌లో పెట్టారు. పది రోజులైనా అది కాలిఫోర్నియాకి తిరిగి రాలేదు.

సవరణ అంటూ వేస్తే, ఆ ప్రకటన పక్కనే వేయండి.

— మీ పాత పాఠకురాలు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా