టెర్మినల్ ఖాళీగా నిలిచిపోవడానికి కారణం మీరు చేర్చిన లైనే

కడప

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

కడప ఏడురోడ్ల సర్కిల్ దగ్గర చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడుపుతున్నాను. ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇచ్చే మీ డెస్క్‌టాప్‌లు 12 కొన్నాను. పోయిన సోమవారం వాటిలో ఒక్కదాంట్లో కూడా టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) పని చేయలేదు.

ఆ రోజు కొత్త బ్యాచ్‌కు మొదటి క్లాసు. విండో తెరుచుకుంది, ఎడమవైపు పైమూలన కర్సర్ మిణుకుమంటోంది, అంతే. కమాండ్ కొట్టమని సూచించే యూజర్ పేరు లేదు, డాలర్ గుర్తు లేదు. చెన్నూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్’ కమాండ్ మూడుసార్లు కొట్టి ఎంటర్ నొక్కింది. అక్షరాలు ఒకదాని కింద ఒకటి పడినాయి గానీ జవాబు రాలేదు. “నేనేమన్నా చెడగొట్టినానా సార్?” అంటూ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. మొదటిసారి లినక్స్ ముందు కూర్చున్న పిల్ల అట్లా భయపడిందే అని నాకు చాలా బాధేసింది.

మీ హెల్ప్‌లైన్ వాళ్లు రీస్టార్ట్ చేయమన్నారు. మరుసటి రోజు ఫార్మాట్ తప్ప దారి లేదన్నారు. బుధవారం మీ టెక్నీషియన్ వచ్చి రెండు సిస్టమ్‌లు ఫార్మాట్ చేసి, మీ పెన్‌డ్రైవ్‌తోనే మళ్లీ ఉబుంటు ఎక్కించి, విజిటింగ్ చార్జీ 1,200 రూపాయలు తీసుకున్నాడు. బ్యాకప్ ఉందా అని ఒక్క మాట అడగలేదు. పాత బ్యాచ్ పిల్లలు రాసుకున్న ప్రోగ్రాములన్నీ పోయాయి. టెర్మినల్ మాత్రం మళ్లీ ఖాళీగానే వచ్చింది.

ఆ రాత్రి నేనే కూర్చున్నాను. పొరపాటున కంట్రోల్ ఎస్ తగిలినా టెర్మినల్ బిగుసుకుపోతుంది కాబట్టి ముందు దాన్ని విడిపించే కంట్రోల్ క్యూ కొట్టి చూశాను, ఫలితం లేదు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3తో కన్సోల్‌కు (విండోలు లేని అక్షరాల తెరకు) వెళ్తే, పాస్‌వర్డ్ తీసుకుని అక్కడా నిలిచిపోయింది. అంటే తప్పు గ్రాఫిక్స్‌ది కాదు, టెర్మినల్ ప్రోగ్రాముదీ కాదు. కొత్త యూజర్‌ను పెట్టి చూసినా అదే తంతు, కాబట్టి టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే, ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లోని బ్యాష్‌ఆర్‌సీ ఫైలు కూడా కాదు. చివరికి నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్ సి కొడితే డాలర్ గుర్తు వచ్చేసింది. షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాము, ఇక్కడ బ్యాష్) బతికే ఉంది, మొదలయ్యేటప్పుడే దేనికోసమో కాచుకుని ఉంది. నెట్ కేబుల్ పీకేస్తే టెర్మినల్ వెంటనే వస్తోంది, పెడితే రావడం లేదు. అప్పుడు అనుమానం తీరింది.

మైనస్ ఎక్స్ చేర్చి బ్యాష్ నడిపితే, మొదట్లో నడిచే ప్రతి లైనూ తెర మీద కనబడుతుంది. అది ఎక్కడ ఆగిందో చూడండి: ఈటీసీ ఫోల్డర్‌లో అందరు యూజర్లకూ వర్తించే బ్యాష్‌ఆర్‌సీ ఫైలు చివర, మీ కంపెనీ చేర్చిన లైను దగ్గర. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ అది కర్ల్ (నెట్ ద్వారా సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రాము)తో మీ సర్వర్‌ను అడుగుతుంది. దానికి గడువు పెట్టలేదు. కనెక్షన్ కలిశాక సర్వర్ జవాబు ఇవ్వకపోతే, గడువు లేని కర్ల్ ఎంతసేపైనా అట్లాగే కూర్చుంటుంది. ఆ లైను నడవకుండా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేశాను. 12 సిస్టమ్‌లూ బాగుపడ్డాయి, ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ లైను మీ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఏం లాభం? అది మా సిస్టమ్‌ల నుంచి మీకు ఏం పంపుతోందో రాతపూర్వకంగా చెప్పండి. కొన్నప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. పెన్‌డ్రైవ్ కాపీలోంచి దాన్ని తీసేయండి, ఇదే మోడల్ కొన్న మిగతావాళ్లకూ కబురు పెట్టండి. నా 1,200 రూపాయలు తిరిగి ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయిస్తాను.

టెర్మినల్ ఖాళీగా ఉందని ఇంకెవరైనా ఫోన్ చేస్తే, ఫార్మాట్ మాట ఎత్తకముందు కంట్రోల్ సి కొట్టి చూడమని చెప్పాలని మీ హెల్ప్‌లైన్ వాళ్లకు దయచేసి నేర్పించండి. ఇంకో చోట పిల్లల పని పోకూడదు.

ఇట్లు,
శిక్షణ కేంద్రం నిర్వాహకుడు, కడప