‘పైలట్ తప్పిదం’ అని రాసి ఊరుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

శిక్షణ విమానమో హెలికాప్టరో ఎక్కడ కూలినా మొదటి రోజు మీ పేపర్లో ఫొటోలతో పెద్ద వార్త వస్తుంది, ఎన్నాళ్లకో లోపలి పేజీలో ‘పైలట్ తప్పిదమే కారణం’ అని నాలుగు లైన్లు పడతాయి. అంతే. 2022 ఫిబ్రవరి 26న మా జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలినప్పుడు ముందు హెలికాప్టర్ అన్నారు, ఇద్దరు పోయారన్నారు. తర్వాత తేలింది అది సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానమని, అందులో ఉన్నది ట్రైనీ అమ్మాయి ఒక్కతేనని. ఆ హడావుడి అందరికీ గుర్తుంది. ఎందుకు కూలిందో మాత్రం ఇక్కడ ఎవర్నడిగినా చెప్పరు.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. విమానాల సంగతి నీకెందుకయ్యా అంటారేమో, ఎక్కడ ఆగాలో తేల్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక వానాకాలం రాత్రి, చివరి సర్వీసు, లోలెవల్ వంతెన మీంచి వాగు పోతోంది. హెడ్‌లైట్ వెలుగులో వంతెన అంచు రాళ్లు వరసగా కనపడాలి, ఒక్కటే కనపడుతోంది, అదీ కాసేపు ఉండి మునుగుతోంది. వెనక నుంచి ఒకాయన “నిన్న ఇంతకంటే ఎక్కువ నీళ్లల్ల పోయింది గదన్నా బస్సు” అంటున్నాడు, ఇంకొకామె తెల్లారితే పెళ్లంటోంది. నేను రివర్స్ గేరు వేశాను. మర్నాడు ట్రిప్పు ఎందుకు కొట్టేశావని మెమో ఇచ్చారు. దాటించి ఉంటే ఒక్కరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ మెమో పుణ్యాన మరుసటి ఏడు అదే వాగులోంచి బస్సు దాటించాను. ఏమీ కాలేదు గనక ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆకాశంలో ఎగిరినా మనిషి మనసు ఇదే. 2020 జనవరిలో అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది పోయిన హెలికాప్టర్ ప్రమాదంలో పైలట్ మీద కంపెనీ గానీ ఎక్కినవాళ్లు గానీ ఒత్తిడి పెట్టలేదని, ఎలాగైనా చేర్చాలని ఆయన తనకు తానే టెన్షన్ పెట్టుకుని మబ్బులోకి పోనిచ్చాడని దర్యాప్తులో తేల్చారు. మబ్బులో దూరితే బయట ఏమీ కనపడక ఏది పైనో ఏది కిందో ఒళ్లే అబద్ధం చెబుతుందట. 2009లో వైఎస్ గారి హెలికాప్టర్‌లోనూ అంతే, ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక లైటు వెలిగితే దాని సంగతేమిటో పుస్తకంలో వెతకడంలో పడి ముందున్న వాతావరణం మీద ధ్యాస తగ్గిందని కమిటీ చెప్పింది.

తలపండినవాళ్లకే ఇలా అయితే, కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎప్పుడు పూర్తవుతాయా అని లెక్కపెట్టుకుంటూ, ఇంట్లో అప్పు చేసి కట్టిన లక్షలు తలలో తిరుగుతుండగా ఇరవై ఏళ్ల పిల్లలు “సార్, ఇవాళ నేను ఎగరను” అనగలరా? అన్నవాళ్లను పిరికివాళ్లని నవ్వకుండా, డబ్బు కోయకుండా చూసే రూలు గట్టిగా ఉండాలి.

మీతో పని ఒకటుంది. విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో నివేదికలు వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో పెడుతుంది, పొలంలో శకలాలు చూసినవాళ్లు అది చదవలేరు. ఆ రోజు ఎగరొచ్చని సంతకం పెట్టిందెవరు, గాలి, మబ్బు ఎలా ఉన్నాయి, ఎక్కడిదాకా వెనక్కి తిరిగే వీలుంది, ఇవి మామూలు తెలుగులో అరపేజీ రాయించండి. తుంగతుర్తితోనే మొదలుపెట్టండి.

— ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్, దేవరకొండ, నల్లగొండ జిల్లా